ప్యాకెట్ స్విచింగ్: 'పొట్లం' అనొచ్చా?

అందరికీ నమస్కారం. విశ్వవిద్యాలయాల కంప్యూటర్లను మొదట్లో ఎలా కలిపారో పిల్లలకోసం రాస్తున్నాను. కబురును ముక్కలుగా పంపే 'ప్యాకెట్ స్విచింగ్' దగ్గర కలం ఆగింది. 'పొట్లం' అని రాస్తే నవ్వుతారా?

— నవ్వితే నవ్వనివ్వండి మాస్టారూ. వరదలొచ్చినప్పుడు పేపర్లన్నీ 'ఆహార పొట్లాలు జారవిడిచారు' అనే రాస్తాయి. అప్పుడెవరూ నవ్వలేదే!

— ఇంగ్లిష్‌లోనూ 'ప్యాకెట్' అన్న మాట ఊరికే పడలేదండీ. లండన్ పక్కన టెడింగ్టన్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో డొనాల్డ్ డేవిస్‌కు 1965లో ఈ ఆలోచన వచ్చింది. ఫోన్‌లో మాట్లాడినా మాట్లాడకపోయినా లైను ఆ ఇద్దరిదే. కంప్యూటర్లేమో గుక్కతిప్పుకోకుండా ఏదో చెప్పేసి, ఆనక చాలాసేపు ఊరుకుంటాయి. అందుకని కబురును చిన్న ముక్కలు చేసి, ప్రతిదాని మీదా చిరునామా వేసి, విడివిడిగా పంపుదామన్నాడు. ఆ ముక్కకు 'ప్యాకెట్' అని పేరు ఖాయం చేసేముందు తన ల్యాబులోనే ఉన్న ఇద్దరు భాషావేత్తలను పిలిచి, వేరే భాషల్లో దీనికి సాటి మాటలున్నాయా అని అడిగాడు. ఇంజనీర్లలో ఇంత శ్రద్ధ అరుదు! అమెరికాలో పాల్ బారన్ అంతకుముందే ఇదే పద్ధతి ఆలోచించి 'మెసేజ్ బ్లాక్' అన్నాడు. పేరు మాత్రం డేవిస్‌దే నిలిచింది. అమెరికాలో విశ్వవిద్యాలయాల కంప్యూటర్లను కలుపుతూ 1969లో మొదలైన అర్పానెట్‌లోనూ నడిచినవి ప్యాకెట్లే.

— ఆ ఏడాది అక్టోబర్ 29 రాత్రి లాస్ ఏంజిలెస్ నుంచి 'లాగిన్' అని కొట్టబోతే 'ఎల్', 'ఓ' రెండే చేరి అవతలి కంప్యూటర్ కూలబడింది, అదేనా?

— అదే.

— నాకు 'మూట' బాగుందనిపిస్తోంది. చిరునామా రాసి పంపేది మూటనే కదా, పొట్లాన్ని ఎవరు పంపుతారు?

— మూటలో ఉన్నదంతా ఒకేసారి కదులుతుంది తమ్ముడూ. కబురు మొత్తాన్ని ఒకే ముద్దగా పంపే పాత పద్ధతికి 'మూట' సరిపోతుంది. కిరాణా కొట్లో బస్తాలోంచి తీసి కొంచెం కొంచెంగా కడితేనే పొట్లం. ఇక్కడ జరిగేదీ అదే. చిరునామా సంగతి నిజమే, దానికి వరస సంఖ్య కూడా వేయాలి. లేకపోతే అవతల ఏ పొట్లం ముందో ఏది వెనకో తెలియదు.

— మరి 'స్విచింగ్'కి? 'మార్పిడి' అనుకున్నాను.

— వద్దండీ. 'పొట్లాల మార్పిడి' అంటే మీ ఉప్పు నాకూ, నా పప్పు మీకూ వచ్చిందనుకుంటారు. 'మళ్లింపు' అనండి.