మూడు పుస్తకాలకే డబ్బుంది: గ్రహణాలవి కొనాలా, సూర్యుడివి కొనాలా?

కావలి కుర్రోడు:
అందరికీ నమస్కారం. కావలిలో మేం ఐదుగురం కలిసి పోయినేడాది 70 ఎంఎం టెలిస్కోప్ ఒకటి కొన్నాం. చంద్రుడి గుంటలు, శని వలయం, గురుడి పక్కన నాలుగు చుక్కలు అన్నీ చూసేశాం. ఇప్పుడు సూర్యుడి మీద పడాలని ఉంది. ముందు కాస్త చదువుకుందామని తలా కొంత వేసుకుంటే మూడు పుస్తకాలకు సరిపడా డబ్బు పోగైంది. నాలుగోదానికి లేదు.

చిక్కేంటంటే, మాలో ముగ్గురు గ్రహణాల పుస్తకాలే కొందామంటారు. 2027 ఆగస్టు 2న పెద్ద గ్రహణం ఉంది కదా అని. నేనూ ఇంకొకడూ ఒప్పుకోవడం లేదు. గ్రహణం ఎప్పుడో వచ్చిపోయే చుట్టం, సూర్యుడు ఇంట్లో మనిషి అని మా వాదన. టీ కొట్టు దగ్గర రెండు రాత్రులు గొడవయ్యాక ఇక్కడ అడుగుదామనుకున్నాం. ఇంగ్లీషు చదవగలం. డిగ్రీ లెక్కలు మాత్రం మా వల్ల కాదు.

ఒంగోలు మాస్టారు:
బాబూ, మీ ఇద్దరిదే కరెక్టు. 2027 గ్రహణం గొప్పదే, కాదనను. ఈజిప్టులో లక్సర్ దగ్గర 6 నిమిషాల 23 సెకన్లు సూర్యుడు పూర్తిగా మాయమవుతాడు. మన దేశానికి మాత్రం అది పాక్షికమే. తర్వాత 2031 మే 21న మదురై వైపు వలయాకార గ్రహణం, అంటే చంద్రుడి చుట్టూ ఉంగరంలా సూర్యుడు మిగిలేది. మన దేశంలో సంపూర్ణం చూడాలంటే 2034 మార్చి 20 దాకా ఆగి కార్గిల్ కొండలెక్కాలి. గ్రహణాల పుస్తకాలు చాలావరకు ఎక్కడికెళ్ళి నిలబడాలో, కెమెరా ఎలా పెట్టాలో చెప్పేవి. టికెట్టు కొనేవాడికి పనికొస్తాయి. కొత్తపట్నం ఒడ్డున సూర్యుడు రోజూ లేస్తాడు, టికెట్టు లేదు.

ఇంకో కారణం కూడా ఉంది. సూర్యుడి మీది మచ్చలు సుమారు పదకొండేళ్ళకోసారి పెరిగి తగ్గుతాయి. ఈసారి శిఖరానికి చేరినట్టు 2024 అక్టోబరులో ప్రకటించారు. ఇక నుంచి తగ్గుముఖమే. మీ 70 ఎంఎంకి ఫిల్టరు పెట్టుకుంటే మచ్చలు బ్రహ్మాండంగా కనబడతాయి, ఆలస్యం చేస్తే ఖాళీ పళ్ళెం చూసినట్టుంటుంది.

మొదటి పుస్తకం లియాన్ గోలబ్, జే పసాచాఫ్ రాసిన ‘నియరెస్ట్ స్టార్’. 2014 నాటి రెండో కూర్పు తీసుకోండి. లెక్కలతో భయపెట్టదు. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలుంటే, దాని పైనున్న కరోనా, అంటే సూర్యుడి చుట్టూ ఉండే పలచటి వాయువుల పొర, పది లక్షల డిగ్రీలు దాటి ఎందుకుంటుంది? పొయ్యి దగ్గర కంటే వంటింటి గుమ్మం దగ్గర సెగ ఎక్కువ కొట్టినట్టు! ఆ చిక్కుముడి ఎంతవరకు వీడిందో చక్కగా చెప్పారు. గ్రహణాల మీద కూడా ఒక అధ్యాయం ఉంది. మీ ముగ్గురి నోళ్ళు దాంతో మూయించొచ్చు.

పెన్నా గట్టు:
మాస్టారూ, గౌరవంగానే అంటున్నా, గ్రహణాల పుస్తకమంటే ప్రయాణాల గైడే అనడం అన్యాయం. మీరు మురిసిపోతున్న ఆ కరోనా గ్రహణం పట్టినప్పుడు తప్ప మామూలు కంటికి కనబడదు. 1869 గ్రహణంలో దాని వెలుగును రంగులుగా విడదీసి చూస్తే ఒక ఆకుపచ్చ గీత కనిపించింది (ప్రతి మూలకానికీ తనవైన గీతలుంటాయి). భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ సరిపోలేదు. కొత్త మూలకమేమో అనుకుని కరోనియం అని పేరు కూడా పెట్టేశారు. డెబ్బై ఏళ్ళకు, 1940 ప్రాంతంలో, అది మామూలు ఇనుమేనని, కాకపోతే పదమూడు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన ఇనుమని తేలింది. ఇనుముకి అన్ని ఊడాలంటే పది లక్షల డిగ్రీల వేడి కావాలి. మీ వంటింటి కథ మొదలైంది అక్కడే. గ్రహణాన్ని పక్కన పెట్టి సూర్యుడి గురించి చదివితే జవాబులు చదివినట్టుంటుంది, ప్రశ్నలు ఎలా పుట్టాయో తెలీదు.

అందుకని నా ఓటు బిమన్ నాథ్ రాసిన ‘ద స్టోరీ ఆఫ్ హీలియం అండ్ ద బర్త్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్’కి. 2013లో వచ్చింది. ఆయన బెంగళూరు రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త. 1868 ఆగస్టు 18 గ్రహణం చుట్టూ అల్లిన పుస్తకం. ఆ నీడ మన పక్క నుంచే పోయింది: గుంటూరులో ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్, మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్. అదే అబ్జర్వేటరీలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో కాపు కాశారు. నెల్లూరులో పుట్టి నలభై ఏళ్ళొచ్చేదాకా ఇదేదీ నాకు తెలీదు. బళ్ళో చెప్పలేదు.

ఉలవపాడు మామిడి:
హీలియం పుట్టింది మన గుంటూరులోనే! ఈ ఒక్క ముక్క చాలు, గ్రహణం పుస్తకమే కొనండి తమ్ముళ్ళూ.

పెన్నా గట్టు:
ఈ మాట ప్రతి ఆగస్టులో వాట్సాప్‌లో తిరుగుతుంది. పూర్తిగా నిజం కాదు. జాన్సెన్ గుంటూరులో చూసింది సూర్యుడి అంచున ఎగిసే మంటల వర్ణపటం, అంటే రంగులుగా విడదీసిన వెలుగు. ఆ గీతలు ఎంత గట్టిగా మెరిశాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని ఆయనకు తట్టింది, మర్నాడే చూసేశాడు. ఆయన గొప్పతనం అది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఏ గ్రహణమూ లేకుండా అక్టోబరు 20న అదే పని చేశాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయంటారు. ఆ గీతల్లో ఉన్న ఒక పసుపు గీత సోడియంది కాదు, కొత్త మూలకందని పట్టుబట్టింది లాకియర్. ఆ మూలకమే హీలియం. భూమ్మీద హీలియం చేతికి చిక్కింది 1895లో, రామ్సేకి. పురుడు గుంటూరులో పోశామనుకున్నా బారసాల మాత్రం లండన్‌లోనే జరిగింది.

ఉలవపాడు మామిడి:
సరే అక్కా, సగం బిడ్డ మనదేగా.

చీమకుర్తి వెల్డింగ్:
మీరిద్దరూ ఏ పుస్తకమని కొట్టుకుంటున్నారు గాని, ఎప్పటి పుస్తకమని ఎవరూ అడగడం లేదు. మా నాన్న దాచిన పాత పుస్తకం ఒకటుంది. గాజు ముక్కకు దీపం మసి పట్టించి గ్రహణం చూడమని రాశారు. ఎక్స్‌రే ఫిల్ము కూడా పనికొస్తుందట. 2019 డిసెంబరు 26 పొద్దున మా వీధిలో సగం మంది చేతిలో ఎక్స్‌రేలే. ఒకాయన వాళ్ళమ్మ తుంటి ఎముక లోంచి సూర్యుణ్ణి చూస్తున్నాడు. చూడ్డానికి నల్లగా ఉంటే చాలనుకుంటారు. వెలుగు తగ్గినా, కంటికి కనబడని పరారుణ కిరణాలు లోపలికి పోతూనే ఉంటాయి. రెటీనా కాలితే నొప్పి కూడా తెలీదు.

నేను వెల్డింగ్ పని చేస్తాను కాబట్టి చెప్తున్నా. వెల్డింగ్ అద్దమైతే 14 నంబరు ఉండాలి. మా షాపుల్లో వాడేవి 10, 11. అవి చాలవు. గ్రహణం కళ్ళద్దాలైతే ఐఎస్ఓ 12312-2 అని ఉన్నవి, గీతలు పడనివి, తెలిసినవాళ్ళ దగ్గర తీసుకోండి. ఆ కళ్ళద్దాలు పెట్టుకుని టెలిస్కోప్‌లో మాత్రం చూడకూడదు, అది వేరే సంగతి. టెలిస్కోప్‌కి ఫిల్టరు ముందు మూతి మీద ఉండాలి. పూర్వం చిన్న టెలిస్కోపులతో కంటి దగ్గర బిగించే నల్ల అద్దం ఇచ్చేవాళ్ళు. పాత పుస్తకాలు దాన్ని మెచ్చుకుంటాయి కూడా. వేడికి అది ఠప్పున పగిలితే ఇక ఆ కన్నుండదు. పక్కనుండే చిన్న ఫైండర్‌కి (గురి చూసుకునే బుల్లి దుర్భిణికి) మూత పెట్టడం మర్చిపోవద్దు.

నా సంగతి కూడా చెప్పేస్తా. కాగితం మీద సూర్యుడి బొమ్మ పడేట్టు పెట్టి, టీ తాగొద్దామని పది నిమిషాలు పోయా. వచ్చేసరికి ఐపీసు (కన్ను పెట్టి చూసే కటకం గొట్టం) లోపలి ప్లాస్టిక్ కరిగి తేనెలా కారింది. తప్పు నాదే.

నేను చెప్పేది ఇదీ: మూడు కాదు, రెండు పుస్తకాలే కొనండి. మూడోదాని డబ్బుతో మంచి సోలార్ ఫిల్టరు షీటు కొనండి.

కనిగిరి తాత:
అబ్బాయిలూ, ఇంగ్లీషు పుస్తకాల గోలలో పంచాంగం మాట ఎవరూ ఎత్తలేదు. 1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం. సంపూర్ణ గ్రహణం నల్గొండ, ఖమ్మం మీదుగా పోయింది. మా కనిగిరికి పాక్షికమే, అయినా ఎండ పాలిపోయి ఊరంతా జ్వరమొచ్చినట్టయింది. వీధిలో కుక్క తప్ప మనిషి లేడు. మా అమ్మ పచ్చడి జాడీల మీద దర్భలేసి, తలుపు గడియ పెట్టి కూర్చోబెట్టింది. పళ్ళెంలో రోకలి నిలబెట్టారు. (రోకలి ఏ రోజైనా నిలబడుతుంది, అడుగు సమంగా ఉంటే. తర్వాత నేనే చాలాసార్లు నిలబెట్టి చూశా.) నాకు అప్పట్నుంచీ ఒకటే ప్రశ్న: స్పర్శ, మధ్యం, మోక్షం (పట్టడం, నడిమి, విడవడం) అని పంచాంగంలో ముందే నిమిషాలతో సహా ఎట్టా రాశారు?

ఆ జవాబు కావాలంటే సూర్యసిద్ధాంతం చదవాలి. నాలుగో అధ్యాయం చంద్రగ్రహణం, అయిదోది సూర్యగ్రహణం. చూసేవాడు భూమి నడిబొడ్డున కాకుండా పైన నిలబడ్డాడు కాబట్టి చంద్రుడు పక్కకు జరిగినట్టు కనబడతాడు. దాన్ని లంబనమని, నతి అని లెక్కకట్టారు. 1860లో బర్జెస్ చేసిన ఇంగ్లీషు అనువాదం వ్యాఖ్యతో సహా దొరుకుతుంది. చింతామణి రఘునాథాచారి పేరు వచ్చింది గదా పైన, ఆయనే దృగ్గణిత పంచాంగం కోసం పాటుపడ్డాడు. కంటికి కనబడేదానితో లెక్క సరిపోవాలి, లేకపోతే లెక్క మార్చాలి అనే పక్షం ఆయనది.

ఒంగోలు మాస్టారు:
పెద్దాయనా, నమస్కారం. సూర్యసిద్ధాంతం అంటే నాకూ గౌరవమే. కానీ ఈ కుర్రాళ్ళు డిగ్రీ లెక్కలే వద్దంటుంటే లంబనం చేతిలో పెడతారా? అంత ఇష్టం పుడితే తర్వాత జాన్ మీయస్ ‘ఆస్ట్రొనామికల్ అల్గారిథమ్స్’ ఉంది, ఇప్పటి పద్ధతి అది. తేదీలు, దారులు కావాలంటే అసలు కొననే అక్కర్లేదు. ఫ్రెడ్ ఎస్పెనాక్, మీయస్ కలిసి నాసా కోసం అయిదు వేల ఏళ్ళ సూర్యగ్రహణాల పట్టిక తయారుచేశారు. మొత్తం 11,898 గ్రహణాలు. ఉచితంగా దొరుకుతుంది.

కనిగిరి తాత:
పట్టిక చూస్తే జవాబు తెలుస్తుంది మాస్టారూ, ఎందుకో తెలీదు. 18 ఏళ్ళ 11 రోజుల 8 గంటలకు అదే రకం గ్రహణం మళ్ళీ వస్తుంది. ఆ 8 గంటల్లో భూమి మూడో వంతు తిరిగిపోతుంది కాబట్టి నీడ వేరే దేశం మీద పడుతుంది. మూడుసార్లయితే చుట్టు పూర్తయి మళ్ళీ మన వైపుకొస్తుంది. నేను తలుపు సందులోంచి చూసిన 1980 గ్రహణం 1998లో కరీబియన్‌కి, 2016లో ఇండోనేషియాకి పోయి, 2034లో మీరన్న ఆ కార్గిల్‌కి వస్తోంది. అదీ ఇదీ ఒకే కుటుంబం. ఇది కాగితం మీద నేనే వేసుకున్నా, పట్టిక చూసి కాదు.

పెన్నా గట్టు:
తాతా, ఇది చదివి ఒళ్ళు పులకరించింది. గ్రహణాల పుస్తకం వద్దన్నవాళ్ళు ఏమంటారో!

కావలి కుర్రోడు:
మావాడొకడు లిట్‌మన్, ఎస్పెనాక్‌ల ‘టోటాలిటీ’ కావాలని పట్టుబట్టాడు. అదెలా ఉంటుంది?

పెన్నా గట్టు:
మంచిదే. సూర్యుడు మాయమయ్యే ముందు అంచున మెరిసే వజ్రపుటుంగరం, చంద్రుడి లోయల్లోంచి పూసల్లా మెరిసే బెయిలీ పూసలు, నేల మీద పాకే నీడ చారలు, అన్నీ చదువుతుంటే కళ్ళముందు కనబడతాయి. కానీ ఏ కూర్పో చూసుకోండి. 2017లో వచ్చింది అమెరికాలో 2017, 2024 గ్రహణాల కోసం వేసింది. ఏ రాష్ట్రంలో ఎక్కడ నిలబడాలో మనకెందుకు? దీనికి మాత్రం మాస్టారి మాట వర్తిస్తుంది, ఒప్పుకుంటున్నా. దొరికితే పాత కూర్పు తీసుకోండి.

నాయుడుపేట మేడమీద:
ఇప్పుడు మమ్మల్ని తిరుపతి జిల్లా అంటున్నారు గాని నేను నెల్లూరోణ్ణే. 2023 సెప్టెంబరు 2న సూర్యుణ్ణి చూసే ఇస్రో నౌక ఆదిత్య ఎల్1 పోతుంటే మా మేడమీంచి చూశా. 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కూర్చుని సూర్యుణ్ణి చూస్తోంది. అందులోని ఒక పరికరం సూర్యబింబానికి అడ్డం పెట్టి, అంటే కృత్రిమ గ్రహణం చేసి, కరోనాని చూస్తుంది. అమెరికావాళ్ళ పార్కర్ నౌక 2024 డిసెంబరు 24న సూర్యుడికి 61 లక్షల కిలోమీటర్ల దగ్గరకు పోయింది. మీరు చెప్పే పుస్తకాలేమో 2013, 2014, 1860! పాచిపోయిన అన్నం పెడుతున్నారు పిల్లలకి.

ఒంగోలు మాస్టారు:
చద్దన్నం అనండి, పాచి అనకండి. పునాది మారలేదు. ఆదిత్య ఏం చూస్తోందో అర్థం కావాలంటే కరోనా అంటే ఏంటో ముందు తెలియాలి. కొత్త సంగతులు ఇస్రో, నాసా సైట్లలో చదువుకోవచ్చు. కాకపోతే ఒకటి మాత్రం నిజం, కొత్త కూర్పు ఉన్నప్పుడు పాతది కొనకూడదు.

పొదిలి లైబ్రరీ:
ఇంతమంది ఇన్ని పేర్లు చెప్పారు, తెలుగు పుస్తకం ఒక్కటీ లేదు! మహీధర నళినీమోహన్ ‘గ్రహణాల కథ’ ఎవరూ చదవలేదా? పదేళ్ళ పిల్లాడికి కూడా అర్థమయ్యేట్టు రాశారు. నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’ కూడా ఉంది, అది విశ్వమంతటి గురించి. ఈ రెండూ చదివాక ఇంగ్లీషువి సగం సులువవుతాయి. ఇంట్లో చెల్లెళ్ళు, తమ్ముళ్ళు కూడా చదువుతారు. మీ ఇంగ్లీషు పుస్తకం అలమరాలో కూర్చుంటుంది.

ఉలవపాడు మామిడి:
ఇది పాయింటు. మా పాప పసుపు నీళ్ళ పళ్ళెంలో గ్రహణం చూపించమంటోంది, వాళ్ళ నానమ్మ చెప్పిందట.

చీమకుర్తి వెల్డింగ్:
వద్దన్నా. నీళ్ళలో ప్రతిబింబం కూడా కళ్ళకు మంచిది కాదు. వేపచెట్టు కిందకి తీసుకుపో. ఆకుల సందుల్లోంచి నేలమీద వందల నెలవంకలు పడతాయి. సూర్యుడికి వీపు పెట్టి చూడమను.

కావలి కుర్రోడు:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి ఐదుగురం కూర్చున్నాం. ‘నియరెస్ట్ స్టార్’ ఒకటి, హీలియం పుస్తకం ఒకటి. మూడోదాని డబ్బుతో ఫిల్టరు షీటు. ‘టోటాలిటీ’ అన్నవాడు అలిగాడు, 2031కి మదురై తీసుకెళ్తామని సర్దిచెప్పాం. తాతగారూ, ఆ 18 ఏళ్ళ లెక్క వేసిన కాగితం ఫోటో తీసి పెడతారా? అలాగే ‘గ్రహణాల కథ’ పాత కాపీ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కొంటాం.

పొదిలి లైబ్రరీ:
నా దగ్గరుంది. అట్ట ఊడిపోయింది, చివర నాలుగు పేజీలు చెదలు తిన్నాయి. అమ్మను, పంపను. ఆదివారం పొదిలి రండి, ఇక్కడే కూర్చుని చదువుకోండి. ఆ ఫిల్టరు షీటు వచ్చుంటే టెలిస్కోప్ కూడా తెచ్చుకోండి, మా మేడ ఖాళీగానే ఉంటుంది.

కనిగిరి తాత:
ఆదివారమైతే నేనూ వస్తా. కాగితం ఫోటో తీయడం నాకు రాదు, కాగితమే తెస్తా.