స్కాలర్‌షిప్ తీసేశారు, అప్పీల్‌కి పది రోజులే టైముంది. లెటర్‌లో ఏం రాయాలి?

కావలి_ఈసీఈ:
అందరికీ నమస్కారం. మాది కావలి. చెన్నైలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ రెండో ఏడాది ఇప్పుడే అయింది. ఇంటర్ మార్కులు చూసి చేరేటప్పుడు ట్యూషన్ ఫీజులో సగం మాఫీ చేశారు. షరతేంటంటే సీజీపీఏ (అన్ని సెమ్‌ల సగటు, పదికి) 8 తగ్గకూడదు, అరియర్ ఉండకూడదు (అంటే ఫెయిలైన సబ్జెక్టు, మనవైపు బ్యాక్‌లాగ్ అంటాం, ఇక్కడ అందరూ అరియరే అంటారు, నాకూ నోటికి అదే వస్తోంది).

అక్టోబర్‌లో, అంటే మూడో సెమ్ మధ్యలో, నాన్నకి పక్షవాతం వచ్చింది. ఆయన టైలరు, కుడి చెయ్యి పడిపోయింది. ఇంట్లో అమ్మ, తొమ్మిది చదువుతున్న తమ్ముడు. నేను శుక్రవారం మధ్యాహ్నం క్లాసులు ఎగ్గొట్టి సెంట్రల్‌లో పినాకిని ఎక్కేదాన్ని, ఆదివారం రాత్రి ఏ బండి దొరికితే అది పట్టుకుని హాస్టల్‌కి చేరేదాన్ని, సోమవారం క్లాసులో కూర్చున్నా బుర్రకి ఏమీ ఎక్కేది కాదు. ఆ సెమ్‌లో 6.1 వచ్చింది, సిగ్నల్స్ సబ్జెక్టులో అరియర్ పడింది. నిన్న మెయిల్ వచ్చింది, వచ్చే ఏడాది నుంచి మాఫీ లేదు, అప్పీల్ చేసుకోవాలంటే పది రోజుల్లో డీన్ ఆఫీసులో లెటర్ ఇవ్వాలి అని.

ఫుల్ ఫీజు కట్టే స్తోమత మాకు లేదు. రాత్రంతా కూర్చుని రెండున్నర పేజీలు రాశాను. ‘మా కుటుంబం అత్యంత దయనీయ స్థితిలో ఉంది, తమరు దయతలచి’ అని మొదలవుతుంది (లెటర్ ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో చెప్తున్నా). అమ్మ చదివి ఏడ్చింది. ఇది సరిపోతుందా? ఇంకేమైనా పెట్టాలా? నాలుగో సెమ్‌లో 8.3 వచ్చింది, అరియర్ కూడా క్లియర్ అయింది కానీ సీజీపీఏ 7.95 దగ్గర ఆగిపోయింది.

పల్లావరం_అన్న:
చెల్లీ, నువ్వు చివరి వాక్యంలో చెప్పావే, లెటర్‌లో మొదటి పేరా అదే. రెండున్నర పేజీల్లో ఆ మాట ఎక్కడుంది? నా అనుమానం చివరి పేజీలో, లేదంటే అసలు లేదు.

నా సంగతి చెప్తా. మూడో ఏడాదిలో అమ్మకి ఆపరేషన్ అయింది, నాకూ ఇలాగే మాఫీ పోయింది. నేనూ మూడు పేజీలు రాశా, చదివిన ఫ్రెండ్సందరికీ కళ్లు చెమర్చాయి, కాలేజీ మాత్రం రెండు లైన్లలో కుదరదని పంపింది. తర్వాత మా ఫ్యాకల్టీ అడ్వైజర్ చెప్పారు, ‘నువ్వు రాసింది చదివితే వచ్చే సెమ్ కూడా తప్పుతావనే అనిపిస్తుందిరా’ అని. అప్పుడు వెలిగింది. మన కష్టం ఎంత పెద్దదో చెప్పే కొద్దీ వీడు చదవలేడనే వాళ్లకి అర్థమవుతోంది.

రెండోసారి ఒకటే పేజీ. నీ లెక్కన అయితే ఇలా మొదలుపెట్టు: ‘మొదటి రెండు సెమిస్టర్లలో నా సగటు 8.7. ఫలానా తేదీన మా నాన్నగారికి పక్షవాతం వచ్చి ఫలానా తేదీ వరకు ఆసుపత్రిలో ఉన్నారు, ఆ సెమిస్టర్‌లో 6.1కి పడిపోయాను. నాలుగో సెమిస్టర్‌లో 8.3 తెచ్చుకుని అరియర్ పాస్ అయ్యాను. సీజీపీఏ మాత్రం 8కి 0.05 తక్కువైంది.’ దయతలచి, దీనస్థితి, కన్నీళ్లు అన్నీ కొట్టేయ్. డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్స్, రైలు టికెట్ల మెయిళ్లు ప్రింట్ తీసి వెనక పెట్టు. ఆ శుక్రవారాలూ నీ ఆబ్సెంట్లూ సరిగ్గా సరిపోతాయి కదా, అంతకంటే సాక్ష్యం ఏముంటుంది.

ఇంకోటి, లెటర్ ఇచ్చేటప్పుడు జిరాక్స్ కాపీ మీద తేదీతో ఇన్‌వర్డ్ స్టాంపు (లెటర్ అందిందని వేసే ముద్ర) వేయించుకో. వేయం అంటారు. కౌంటర్ దగ్గరే నిలబడు.

గుంటూరు_మాస్టారు:
నేను కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను, ఇప్పుడు అబ్బాయి దగ్గర వేళచ్చేరిలో ఉంటున్నాను. ఇలాంటి కమిటీల్లో చాలాసార్లు కూర్చున్నా కాబట్టి అటువైపు నుంచి చెప్తానమ్మా. టేబుల్ మీద పాతిక ఫైళ్లుంటాయి, ఇంకో మీటింగుకి వేళవుతుంటుంది. ముందు గ్రేడ్ షీట్ తిప్పుతాం. గీత పడిపోయి లేచిందా, పడి అలాగే ఉందా అని చూస్తాం. నీది లేచింది. తర్వాత ఎవరో ఒకరు అడుగుతారు, ‘ఇప్పుడు ఇంటి దగ్గర ఎవరు చూసుకుంటున్నారు?’ అని. దానికి లెటర్‌లోనే ఒక వాక్యం ఉండాలి. ఫిజియోథెరపీకి ఎవరు తీసుకెళ్తున్నారు, నువ్వు ఎన్నాళ్లకోసారి ఊరెళ్తున్నావు, అది చాలు.

ఏం కావాలో కూడా స్పష్టంగా అడుగు. ‘తగిన నిర్ణయం తీసుకోగలరు’ అని వదిలేస్తే తగిన నిర్ణయం మాకు తోచదు. ‘ఐదో సెమిస్టర్‌కి మాఫీ కొనసాగించండి, అందులో 8 రాకపోతే తీసేయండి’ అని అడిగితే ఒప్పుకోవడం తేలిక, ఎందుకంటే రూలు తీసేసినట్టు అవదు, వాయిదా వేసినట్టవుతుంది.

పల్లావరం అబ్బాయి చెప్పింది బాగుంది కానీ మరీ పొడిపొడిగా రాయకు. మీ నాన్నగారు దర్జీ అని, కుడిచెయ్యి పోయిందని ఒక్క మాట ఉండాల్సిందే. ఆదాయం ఎందుకు ఆగిందో ఆ ఒక్క మాటే చెప్పేస్తుంది.

చిత్తూరు_టు_చెన్నై:
కాలేజీ ఒప్పుకోకపోతే యూజీసీకి (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్‌కి) కంప్లైంట్ పెట్టేయొచ్చు కదా? అలాగే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో సెంట్రల్ సెక్టార్ స్కీమ్ ఉంది, ఏడాదికి 12,000 వస్తుంది, అప్లై చెయ్ సిస్టర్.

గుంటూరు_మాస్టారు:
బాబూ, ఆ స్కీమ్‌కి కొత్తగా దరఖాస్తు మొదటి ఏడాదిలోనే. తర్వాతవన్నీ రెన్యువల్సే, దానికీ 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు చూస్తారు. ఈ అమ్మాయికి ఇప్పుడు పనికిరాదు.

యూజీసీ సంగతి: 2023 నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి, అది నచ్చకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్ (ఆ కమిటీ మీద అప్పీలు వినే అధికారి) దగ్గరికి వెళ్లొచ్చు. ఇస్తామన్న స్కాలర్‌షిప్ డబ్బు ఇవ్వకపోతే ఆ దారి ఉంది. ఇక్కడ కాలేజీ ముందే చెప్పిన షరతు ప్రకారం తీసేసింది, అప్పీల్‌కి టైమూ ఇచ్చింది. మొదటి లెటర్‌లోనే యూజీసీ పేరెత్తితే, జాలిపడి సంతకం పెట్టేవాళ్లు కూడా పెన్ను మూసేస్తారు.

అంబత్తూరు_బ్యాంకమ్మ:
అప్పీల్ మీదే కూర్చోకుండా లోన్ పని కూడా ఈ వారమే మొదలుపెట్టమ్మా. 4 లక్షల దాకా విద్యారుణానికి హామీ ఆస్తి అడగరు, మార్జిన్ డబ్బు (మనం పెట్టుకోవాల్సిన వాటా) కూడా అక్కర్లేదు, కోర్సు అయిన ఏడాది తర్వాతే కిస్తీలు మొదలు. విద్యారుణాలకి దరఖాస్తు చేసే విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టు. మీ నాన్న సంతకం చేయలేని స్థితిలో ఉంటే అమ్మని సహ రుణగ్రహీతగా పెట్టుకోవచ్చు, ఆవిడ పాన్, ఆధార్ సిద్ధం చేయించు. ఊళ్లో సచివాలయంలో ఆదాయ ధ్రువపత్రం కూడా కొత్తది తీయించు, అప్పీల్‌కీ లోన్‌కీ రెండింటికీ పనికొస్తుంది. పాతది పెడితే అందులో టైలరింగ్ ఆదాయం ఇంకా వస్తున్నట్టే ఉంటుంది.

కావలి_ఈసీఈ:
పల్లావరం అన్నా, నిజంగానే 8.3 సంగతి చివరి పేజీలో ఉంది, అది కూడా ‘ఎలాగో కష్టపడి’ అని రాశాను. మొత్తం కొట్టేసి ముప్పావు పేజీ రాశా. మాస్టారు గారూ, మీరు చెప్పిన ‘ఐదో సెమ్‌లో 8 రాకపోతే తీసేయండి’ పెట్టాలంటే చెయ్యి వణికింది కానీ పెట్టేశా.

ఈరోజు ఇచ్చొచ్చాను. స్టాంపు అడిగితే కౌంటర్లో ఆయన ‘ఎదుక్కుమా?’ (ఎందుకమ్మా?) అన్నారు, నాకొచ్చిన అరకొర తమిళంలో ఫైలుకి కావాలి సార్ అన్నాను. ఫోన్ మాట్లాడుకుంటూ పావుగంట నిలబెట్టారు. కదల్లేదు, వేశారు. గురువారం కమిటీ ఉందట, నన్నూ రమ్మన్నారు. బ్యాంకమ్మ గారూ, అమ్మ రేపు సచివాలయానికి వెళ్తోంది.

మాస్టారు గారూ, నాన్నని చూసుకోవడానికి ఇప్పుడు మా మేనత్త వచ్చి మా ఇంట్లోనే ఉంటోంది. అది నోటితో చెప్తే చాలా, అత్త చేత కూడా ఏమైనా రాయించి పట్టుకెళ్లాలా?

గుంటూరు_మాస్టారు:
నోటితో చాలమ్మా. గ్రేడ్ షీట్ ఒరిజినల్ పట్టుకెళ్లు, మూడో సెమ్ పేజీ గురించి వాళ్లు అడగకముందే నువ్వే తీసి చూపించు.