అప్‌డేట్: లెక్కలు క్లాసులో అర్థమవుతాయి, పరీక్షలో రావు అన్నది నేనే

నెలన్నర క్రితం అడిగాను కదా, టీచర్ బోర్డు మీద చేస్తుంటే అన్నీ తెలిసినట్టే ఉంటాయి, పరీక్షలో పేపర్ చూడగానే చేయి ఆడదు, ఏం చేయాలి అని. చాలామంది ఒకటే చెప్పారు: నోట్సు మూసేసి అదే లెక్క మొదటి నుంచి చేసి చూడు అని. మొదటిరోజు అలా చేస్తే, పొద్దున క్లాసులో చేసిన ఐదింట్లో రెండే వచ్చాయి. సిగ్గేసింది.

తప్పులకి వేరే నోట్‌బుక్ పెట్టమంటే మొదట పట్టించుకోలేదు (ఉన్నవే మోయలేకపోతున్నా). తీరా పెట్టాక వారంలో దొంగ దొరికాడు. చాప్టర్ రాకపోవడం కాదు, బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపల మొదటి అంకెకే గుర్తు మార్చి రెండోదాన్ని అలాగే వదిలేస్తున్నా. 10 − (4 − 3) అంటే 9 రావాలి, నేను 10 − 4 − 3 అని రాసి 3 తెచ్చేవాణ్ణి, సమీకరణాల్లోనూ బహుపదుల్లోనూ ఇదే తంతు. ఇప్పుడు ఆ స్టెప్పు మనసులో కానిచ్చేయకుండా కాగితం మీదే రాస్తున్నా, వచ్చిన విలువను తిరిగి సమీకరణంలో పెట్టి సరిచూస్తున్నా.

మొన్న పరీక్షలో 25కి 17 వచ్చాయి, అంతకుముందు 9. రోజూ అరగంట లెక్కలు చేయమని మీరన్నది ఇంకా కుదరట్లేదు, ఆదివారం ఎగిరిపోతోంది. డౌట్ అదే రోజు టీచర్‌ని అడగమన్నది కూడా అంతే, అందరి ముందు చెయ్యెత్తాలంటే టెన్షన్, అందుకే క్లాసు అయ్యాక వెళ్లి అడుగుతున్నా.