కోనసీమ పెంకుటింటి అటక మీద దొరికిన పాత సామాను: ఈ వేసవిలో వేటిని వాడుకోవచ్చు?

లంకగాలి:

అందరికీ నమస్కారం. అమలాపురానికి దగ్గరలోని ఒక పల్లెలో మా అమ్మమ్మగారి మండువా పెంకుటిల్లు చాలాకాలం తాళం వేసి ఉండి, ఈ మధ్యనే మా చేతికి వచ్చింది. వానలు పడేలోగా పెంకు సర్దించాలని, పిల్లల సెలవులు పూర్తయ్యేవరకు ఇక్కడే ఉండాలని నేనూ మా అమ్మా నిశ్చయించుకున్నాము. పెంకు పనివారు అటక ఖాళీ చేయమన్నందువల్ల అక్కడున్నదంతా మండువాలోకి దింపించాము. ఇంత సామాను ఉందని అమ్మకు కూడా గుర్తు లేదు.

దిగినవాటిలో రెండు ఇత్తడి గంగాళాలు, మూతతో ఒక గుండిగ, కంచు కంచాలు, ఒక మరచెంబు, గిద్ద మొదలుకొని కుంచం వరకు కొలపాత్రలు, పైన గోధుమరంగు కింద తెలుపు ఉన్న జాడీలు, ఒక రాచ్చిప్ప (రాతితో చేసిన వంటపాత్ర), వాల్వుల రేడియో ఉన్నాయి. భోషాణం అడుగున పాత దస్తావేజులు, చేత్తో అల్లిన నరసాపురం లేసు గుడ్డలు, తాడుతో కట్టిన చిన్న తాటాకుల కట్ట, ఒక రేకు డబ్బాలో చిల్లు కాణీలు, కొన్ని వెండి రూపాయలు దొరికాయి.

కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి ఇంటి నూతి నీటినే పొదుపుగా వాడుకుంటున్నాము. తెల్లవారుజామునే పెరటి పనులు, వంట ముగించుకుంటాము. ఎండ ముదిరే వేళకు పిల్లలు మండువాలో చాపల మీద చేరతారు. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక అందరమూ వీధి అరుగు మీదే ఉంటాము. ఇటువంటి ఇంట్లో, ఇటువంటి కాలంలో వాడడానికే ఈ పాత్రలన్నీ తయారయ్యాయని నాకు అనిపిస్తున్నది. సామాను దింపిన మర్నాడే ఒక వర్తకుడు వచ్చి, అంతా కలిపి తూకానికి ఇచ్చేయమని అడిగాడు. అమ్మ ఒప్పుకోలేదు. వీటిని అద్దాల బీరువాలో పెట్టాలని కూడా మాకు లేదు. వేటిని నిర్భయంగా రోజూ వాడుకోవచ్చో, కిలుము ఎలా వదిలించాలో, అసలు వేటిని ముట్టుకోకుండా ఉండాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పప్పునూనె:

లంకగాలి గారూ, మీ అమ్మగారు తూకానికి ఇవ్వకపోవడం చాలా మంచి పని. మాది తణుకు ప్రాంతం. మా ఇంట్లో ఇప్పటికీ ఇత్తడి, కంచు రోజూ వాడుతున్నాము కనుక నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తాను.

ముందుగా ఇత్తడిని, కంచును వేరు చేయండి. ఇత్తడి రాగిలో యశదం (జింకు) కలిపి చేసినది, కంచు రాగిలో తగరం కలిపి చేసినది. కంచు కంచాన్ని వేలి కొసన నిలబెట్టి గోటితో మీటితే ఖంగుమని మోగి, ఆ మోత చాలాసేపు నిలుస్తుంది. మోత వెంటనే తెగిపోయినా, బొంగురుగా ఉన్నా ఎక్కడో సన్నని పగులు ఉన్నదని అర్థం. ఇత్తడి కింద పడితే సొట్ట పోతుంది, కంచు పగులుతుంది. అందుచేత పిల్లలకు కంచు కంచంలో అన్నం పెట్టండి గాని, కడగడానికి మాత్రం వారి చేతికి ఇవ్వకండి.

కిలుముకు చింతపండు గుజ్జు, కల్లుప్పు చాలు. అయితే గుజ్జు పూసి గంటల తరబడి వదిలేయకూడదు. పులుపు ఎక్కువసేపు అంటుకొని ఉంటే ఇత్తడిలోని యశదం కరిగిపోయి, అక్కడక్కడ ఎర్రని రాగి మచ్చలు తేలుతాయి. కొంచెం కొంచెంగా రుద్ది, వెంటనే మంచినీటితో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టండి. కోనసీమ గాలిలో తేమా, ఉప్పూ రెండూ ఎక్కువ కాబట్టి, తోమిన పాత్రను తడిగా వదిలితే మళ్ళీ త్వరగా నల్లబడుతుంది. మరచెంబు మూత మరలలో పచ్చని కిలుము దాక్కుంటుంది, దానిని పాత పళ్ళ బ్రష్షుతో వదిలించండి. దానిలో నీళ్ళు తప్ప మజ్జిగ గాని నిమ్మరసం గాని పోయవద్దు.

గంగాళాలను స్నానపు నీళ్ళకు ఈరోజు నుంచే వాడుకోవచ్చు. గుండిగ సంగతి వేరు. కళాయి, అంటే లోపలి తగరపు పూత, లేని ఇత్తడిలో పులుసు, పప్పుచారు, పెరుగు కలిసిన వంటకం ఏది చేసినా రాగి లవణాలు అందులోకి దిగుతాయి; ముందు చేదు తగులుతుంది, తరువాత వాంతులు పట్టుకుంటాయి. లోపలి భాగం తెల్లగా, వెండి పూత వేసినట్లు ఉంటే కళాయి ఉన్నదని, పసుపుపచ్చగా కనబడుతుంటే పోయిందని గ్రహించండి. ఇన్నేళ్ళు అటక మీద ఉన్నది కనుక ఎలాగూ కొత్తగా వేయించడమే మంచిది.

కళాయి వేయించేటప్పుడు దగ్గర కూర్చుని చూడండి, పిల్లలకు కూడా చూపించండి. పాత్రను ముందు ఇసుకతో మెరిసేలా రుద్ది, బొగ్గుల కొలిమి మీద తిత్తి ఊదుతూ బాగా కాలుస్తారు. అడుగు కాలిన సమయం చూసి నవసాగరం పొడి చల్లితే తెల్లని పొగ లేస్తుంది. ఆ పొగ ఘాటు, దానికి కొంచెం ఎడంగా ఉండండి. వెంటనే తగరపు కడ్డీని అంటిస్తే అది నీళ్ళలా కరుగుతుంది, దానిని దూది ఉండతో ఒక్క ఊపున చుట్టూ తిప్పుతారు. చూస్తుండగానే పసుపు రంగు పోయి లోపలంతా తెల్లబడుతుంది. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కనుక, కళాయి పాత్రను ఎప్పుడూ ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు, గట్టి పీచుతో గీకకూడదు. పల్లెల్లో తిరిగి కళాయి వేసేవారు ఇప్పుడు అరుదు. మీ వైపు ఎవరూ దొరకకపోతే పెరవలి మండలంలోని అజ్జరం వెళ్ళండి. ఇత్తడి పాత్రల తయారీకి ఆ ఊరు పెట్టింది పేరు, సొట్టలు తీయడం కూడా అక్కడివారికి బాగా తెలుసు.

ఇక జాడీలు. ఇది ఆవకాయ కాలం, మీకు కావలసినది చేతికే వచ్చింది. ప్రతి జాడీలోను నిండా నీళ్ళు పోసి, కింద పొడి కాగితం పరచి, రాత్రంతా ఉంచండి. కాగితం తడిస్తే ఆ జాడీ ఊరగాయకు పనికిరాదు, అందులో కందిపప్పో కల్లుప్పో పోసుకోండి. లోపలి నున్నని పూత పెచ్చులు లేచినా, వెంట్రుకల్లాంటి గీతలు పడి నల్లగా కనబడినా కూడా అంతే. ఆ గీతల్లోకి నూనె చేరి ముక్కిపోతుంది, పూత కింది మట్టిని పులుపు తినేస్తుంది. బాగున్నవాటిని సున్నిపిండితోనో శనగపిండితోనో జిడ్డు పోయేలా కడిగి, మంచి ఎండలో తడి ఆరనివ్వండి. ఎండలో కాలిన జాడీలో వెంటనే చన్నీళ్ళు పోయకండి.

కాయలను చన్నీళ్ళలో వేసి, ఒక్కొక్కటిగా తుడిచి, ప్రతి ముక్కకు టెంక ఉండేలా కొట్టించి, జీడి తీసి, టెంకకు అంటుకున్న పలుచని పొరను గీసేయండి. ఉప్పు, కారం, ఆవపిండి సమంగా కలిపి, పప్పునూనె పోసి జాడీకి ఎత్తి, మూడవ రోజున తిరగ కలపండి. అప్పటికి నూనె పైకి తేలకపోతే మరికొంత పోయాలి. ఆ తరువాత మూతికి ఉతికిన తెల్లగుడ్డతో వాసెన కట్టి, చీకటిగా ఉన్న గదిలో పెట్టండి. రోహిణీ కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, గాలిలో తేమ పెరగకముందే ఈ పని ముగించుకుంటే జాడీలో బూజు భయం ఉండదు.

పాతకాగితం:

పైన చెప్పిన మాటలన్నీ వంటింటి సామానుకు సరిపోతాయి. భోషాణంలో దొరికినవాటి విషయంలో మాత్రం చింతపండును దగ్గరికి రానివ్వవద్దని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

మీకు దొరికినవాటిలో అన్నిటికంటే విలువైనది ఆ తాటాకుల కట్ట కావచ్చు. దానిని తడిగుడ్డతో తుడవకండి, ఎండలో పెట్టకండి, ఆకులు ఒకదానికొకటి అంటుకొని ఉంటే బలవంతంగా విడదీయకండి. గంటంతో గీసిన అక్షరాలలో నలుపు పోయి, రాత లేనట్లు కనబడినా కూడా రాత ఉండవచ్చు. నిపుణులు మళ్ళీ మసి అద్ది వాటిని చదవగలుగుతారు. మెత్తని కుంచెతో పైపై దుమ్ము దులిపి, శుభ్రమైన నూలుగుడ్డలో వదులుగా చుట్టి, రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయానికి గాని, కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు మ్యూజియానికి గాని తీసుకువెళ్ళి చూపించండి. అది వైద్యమో, జ్యోతిషమో, ఇంటి లెక్కలో తెలిసిన తరువాతనే ఎక్కడ ఉంచాలో ఆలోచించవచ్చు. ఇంటి లెక్కలైనా సరే తేలికగా తీసుకోకండి. ఒక లంక గ్రామంలో ఏ పంట ఎంత కొలిచారో తెలిపే ఆధారాలు మనకు ఎక్కువగా మిగలలేదు.

దస్తావేజులను లామినేషన్ చేయించవద్దు. ఆ వేడికి పాత సిరా పాడవుతుంది, ఒకసారి అతికించిన ప్లాస్టిక్ మళ్ళీ ఊడిరాదు. విప్పి, చదునుగా పరచి, ఫొటోలు తీసి, అట్టల మధ్య ఉంచండి. పాత దస్తావేజు కదా అని పారేయకండి. రేపు స్థలం అమ్మకమో పంపకమో వచ్చినప్పుడు లింకు డాక్యుమెంట్లుగా అవే అక్కరకు వస్తాయి.

నాణేలను తోమకూడదు. తోమిన నాణెం మెరుస్తుంది గాని, సేకర్తల దృష్టిలో దాని విలువ పడిపోతుంది. చిల్లు కాణీలు 1943 నుంచి 1947 వరకు ముద్రించినవి కాబట్టి చాలా ఇళ్ళలో దొరుకుతాయి. వెండి రూపాయల మీది సంవత్సరం చూడండి: విక్టోరియా, ఐదవ జార్జి కాలపు రూపాయి 11.66 గ్రాముల తూకంతో, 91 శాతానికి పైగా వెండితో ఉండేది. 1940 నుంచి వెండిని సగానికి తగ్గించారు, 1947 నాటి రూపాయిలో వెండి బదులు నికెల్ వాడారు. 1818 సంవత్సరం, ఈస్టిండియా కంపెనీ పేరు, శ్రీరామ పట్టాభిషేకం బొమ్మ ఉన్న అణా బిళ్ళ మీ డబ్బాలో ఉంటే, దానికి లక్షలు వస్తాయని చెప్పేవారిని నమ్మకండి, అది కంపెనీ చలామణీ చేసిన నాణెం కాదు. పాత రాగిచెంబు బియ్యపు గింజలను లాగుతుందని చెప్పి డబ్బు గుంజే ముఠాలు కూడా మన జిల్లాలలో తిరుగుతుంటాయి. అటక ఖాళీ చేశారన్న కబురు పాకితే ఇటువంటివారు గుమ్మంలోకి వస్తారు.

చట్టం గురించి కూడా చెప్పాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళాఖండాలు, నాణేలు, 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని సొంతంగా విదేశాలకు పంపడం నేరం. మీ ఇంటి అటక మీది పాత్రలు మీవే. అయితే పునాది తవ్వినప్పుడో పెరట్లో గొయ్యి తీసినప్పుడో భూమిలో దాచిన సొమ్ము దొరికితే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయవలసి ఉంటుంది.

రేడియోను మాత్రం ఎంత ముచ్చటపడినా ప్లగ్గులో పెట్టి చూడకండి. లోపలి పాత కెపాసిటర్లు పాడై ఉంటాయి, ఒక్కసారిగా కరెంటు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, మనిషికి షాకు కొట్టే ప్రమాదం కూడా ఉంది. వాల్వు సెట్లు తెలిసిన మెకానిక్కు ముందు వాటిని మార్చి, కరెంటును కొద్దికొద్దిగా పెంచుతూ చూస్తాడు.

వీధరుగు:

కొలపాత్రల గురించి ఎవరూ రాయలేదు. నా ఉద్దేశంలో మీ పిల్లలకు ఈ సెలవులలో అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేవి అవే. వాటిని బియ్యం డబ్బాలో పెట్టి రోజూ వాడండి. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ఇది నోటితో చెబితే పిల్లలకు పట్టదు. అరుగు మీద గోనెపట్టా పరచి, బియ్యం కొలిపించి, గిద్దతో సోలను నింపమంటే వారే లెక్క తేలుస్తారు. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి అని ఆపైన మీరు చెప్పవచ్చు. పాత దస్తావేజులలో శిస్తు ధాన్యం ఇన్ని పుట్లు అని రాసి ఉంటే అది ఎంతో కూడా వారికి అప్పుడు తెలుస్తుంది.

లేసు గుడ్డలకు బ్లీచింగ్ వాడకండి. పాత గంజి వల్ల పసుపు మచ్చలు పడి ఉంటాయి. వెడల్పు పళ్ళెంలో చన్నీళ్ళు పోసి నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, పిండకుండా తువ్వాలు మీద పరచి నీడన ఆరబెట్టండి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు అల్లిక సాగిపోతుంది. పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీల ద్వారా నరసాపురం చేరిన ఈ అల్లికను మన పల్లెల ఆడవారు ఇంటి పని ముగించుకొని అరుగుల మీద కూర్చుని అల్లేవారు. మీ ఇంట్లో అల్లినది ఎవరో అమ్మగారిని అడిగి, ఒక చీటీ మీద రాసి గుడ్డతోపాటే ఉంచండి.

ఒక్క విషయంలో పప్పునూనె గారితో నాకు ఏకీభావం లేదు. రెండు గంగాళాలనూ స్నానపు నీళ్ళకు కేటాయించడం ఎందుకు? ఒకదానిని బాగా తోమించి, మంచినీళ్ళు నింపి, ముంజెకాయలు, మామిడిపళ్ళు అందులో వేయండి. మధ్యాహ్నానికి ఫ్రిజ్‌తో పని లేకుండా చల్లగా ఉంటాయి.

లంకగాలి:

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. తాటాకుల కట్టను నూలుగుడ్డలో చుట్టి పెట్టాము, వచ్చే వారం రాజమహేంద్రవరం తీసుకువెళ్తాము. జాడీలలో ఒకటి కాగితాన్ని తడిపింది, దానిని ఉప్పుకు కేటాయించాము. లేసు అల్లినది మా అమ్మమ్మగారి ఆడపడుచు అని అమ్మ చెప్పింది, చీటీ రాసి పెట్టాను. పెద్ద గంగాళంలో ముంజెలు వేసే పని పిల్లలు అప్పుడే మొదలుపెట్టారు.

ఇక రాచ్చిప్ప ఒక్కటే మిగిలింది. బయట నల్లగా, లోపల బూడిదరంగులో, నున్నగా ఉంది. దానిలో పులుసు కాస్తే వచ్చే రుచి వేరని అమ్మ అంటున్నది. ఇన్నాళ్ళు పొడిగా ఉన్నదానిని నేరుగా గ్యాసు పొయ్యి మీద పెట్టవచ్చునా?

పప్పునూనె:

నేరుగా పెట్టకండి, పగులుతుంది. ముందు నీళ్ళు పోసి రాత్రంతా ఉంచి, ఎక్కడా చెమ్మ పైకి రావడం లేదని చూసుకోండి. తరువాత లోపలా బయటా పప్పునూనె, పసుపు కలిపి పట్టించి ఒక పూట వదిలేయండి. ఆపైన కొన్ని రోజులపాటు ఉదయం వార్చిన గంజిని గోరువెచ్చగా పోసి, మర్నాడు పారబోసి, మళ్ళీ పోస్తూ ఉండండి. మొదటిసారి పొయ్యి ఎక్కించేటప్పుడు గంజి నీళ్ళతోనే, సన్నని సెగ మీద పెట్టి, నెమ్మదిగా కాగనివ్వండి.

రాయి వేడిని చాలాసేపు పట్టి ఉంచుతుంది కాబట్టి, పులుసు ఇంకా కొంచెం పలుచగా ఉన్నప్పుడే పొయ్యి ఆర్పేయాలి. దించిన తరువాత కూడా అది కుతకుత ఉడుకుతూనే ఉండి చిక్కబడుతుంది. ఇత్తడికి ఉన్న పులుపు భయం దీనికి లేదు. వేడి మీద ఉండగా చన్నీళ్ళు పోయవద్దు, సబ్బు పెట్టి తోమవద్దు; రాయి సబ్బు వాసనను పట్టుకుంటుంది. శనగపిండితో కడిగి, బోర్లించకుండా వెల్లకిలా పెట్టి ఆరబెట్టండి. మొదటి వంటగా ములక్కాడ, మామిడికాయ ముక్కలు వేసిన పులుసు పెట్టించండి. అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకొని, సెగ ఎప్పుడు ఆపాలో ఆవిడనే చెప్పమనండి.