కక్షలు సరే, కార్పణ్యాలు ఎందుకు?

పెన్నా తీరం:
పత్రికలవాళ్లు ‘కక్షలు, కార్పణ్యాలు’ అని రాయడం ఇకనైనా మానాలి. మన కడప జిల్లా వార్తల్లో మరీ ఎక్కువ. కార్పణ్యం ‘కృపణ’ నుంచి వచ్చింది. దైన్యం, పిసినారితనం దాని అర్థాలు. గీత రెండో అధ్యాయం 7వ శ్లోకంలో అర్జునుడు ‘కార్పణ్యదోషం’ అన్నది తన దీనస్థితిని. కౌరవుల మీద పగను కాదు.

మైదుకూరు కోడలు:
మా అత్తగారు బడి ముఖం చూడలేదు. ఎవరి మధ్యనైనా కార్పణ్యాలున్నాయని తెలిస్తే పంక్తిలో వాళ్ల విస్తళ్లు పక్కపక్కన పడకుండా చూస్తారు. ఆమెకు ఆ మాట అర్థం తెలియదంటారా?

పెన్నా తీరం:
పదిమంది చేసినా తప్పు తప్పే. శరణాగతికి ఆరు అంగాలు, వాటిలో కార్పణ్యం ఒకటి. అహోబిలం వెళ్లే వైష్ణవులను అడగండి. ‘స్వామీ, నాకు వేరే దిక్కు లేదు’ అనడం అది. అలాంటి మాటను వేటకొడవళ్ల పక్కన కూర్చోబెడతారా?

రాళ్లసీమ రైతు:
అలాగైతే ‘కక్ష’నూ వదిలేయండి. సంస్కృతంలో దానికి చంక అని అర్థం. ‘కంపు’ ఒకప్పుడు పరిమళం. ఇప్పుడు మీ ఇంటి మల్లెలు కంపు కొడుతున్నాయంటే సంతోషిస్తారా?

పెన్నా తీరం:
చంకల సంగతి ఎవరడిగారు? కార్పణ్యం గురించి చెప్పండి.

అనంతపురం చదువరి:
‘పొరపొచ్చాలు’ అని రాస్తే సరిపోదా?

రాళ్లసీమ రైతు:
సరిపోదు. పొరపొచ్చాలు ఇంటికి పిలిచి కాఫీ ఇస్తే పోతాయి. కార్పణ్యం తాతతో మొదలై మనవడి దాకా వస్తుంది.

మైదుకూరు కోడలు:
పెన్నా తీరం గారూ, ఎవరేమి చెప్పినా మళ్లీ అదే శ్లోకం దగ్గరికి వస్తున్నారు. అసలు మీకు నొప్పి ఎక్కడ?

పెన్నా తీరం:
అడిగారు కనుక చెబుతున్నాను. మా అన్నకూ నాకూ ఒకటే బావి. రాత్రి రెండింటికి వంతు మారాలి. నేను వెళ్లేసరికి స్టార్టర్ పెట్టెకు తాళం. తోపులాటలో నా మోచేయి గీరుకుపోయింది, అంతే. మర్నాడు పత్రికలో ‘పాత కక్షలు, కార్పణ్యాలే కారణం’! నెల తిరగకముందే మా అమ్మాయికి కుదిరిన సంబంధం వాళ్లు ‘మీది ఫ్యాక్షన్ కుటుంబమట’ అని తప్పుకున్నారు.

రాళ్లసీమ రైతు:
అయ్యో. కానీ ఆ విలేకరి ‘పగ’ అని రాసి ఉంటే ఊరుకునేవారా? నీటి వంతు తగాదాకు, అదీ అన్నదమ్ముల మధ్య, అంత పేరు పెట్టడం అన్యాయం. నిఘంటువు ఏం చేసింది?

పెన్నా తీరం:
ఊరుకునేవాణ్ని కాను. అన్న తాళం తీశాడు. మాటలే లేవు.

మైదుకూరు కోడలు:
ఆ మాటలు లేకపోవడాన్నే మా అత్తగారు కార్పణ్యం అంటారు.

పెన్నా తీరం:
మనస్పర్ధ అనండి, ఒప్పుకుంటాను. అదీ ‘ర్థ’ కాదు, ‘ర్ధ’.