బట్టీ నుంచి విడిపిస్తే సరిపోదు, రిలీజ్ సర్టిఫికెట్ ఎలా రాబట్టాలి?

పెద్దపల్లి_వాలంటీర్:
ఒడిశా బలంగీర్ నుంచి వచ్చిన 3 కుటుంబాలు ఇక్కడి ఇటుక బట్టీలో ఉన్నాయి. మొత్తం 11 మంది, అందులో 4గురు పిల్లలు. సర్దార్ (కూలీలను తెచ్చే మేస్త్రీ) దగ్గర అడ్వాన్స్ తీసుకున్నారు. వారం ఖర్చులు తప్ప కూలి చేతికివ్వరు, బాకీ తీరేదాకా కదలొద్దంటారు. అధికారులు వస్తే, వెట్టి నుంచి విడుదలైనట్టు రాసిచ్చే రిలీజ్ సర్టిఫికెట్ ఇవ్వకుండానే రైలెక్కించి చేతులు దులుపుకుంటారేమోనని భయం. కేసు, పునరావాసం రెండూ నిలబడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

లేబర్_వకీలు:
కలెక్టర్‌కు, ఆర్డీవోకు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం అమలు బాధ్యత కలెక్టర్ యంత్రాంగానిదే.

"హింసిస్తున్నారు" అని రాస్తే తేలిపోతుంది. అడ్వాన్స్ ఎంత, ఎవరిచ్చారు, వెయ్యి ఇటుకలకు ఎంతన్నారు, ఎంతిచ్చారు, ఊరెళ్తామంటే ఏమన్నారు, ఇవి రాయండి. అడ్వాన్స్‌కు బదులుగా పనిచేస్తూ కూలి లేకపోయినా, వేరేచోట పనికి పోనివ్వకపోయినా, కదలనివ్వకపోయినా, ఏ ఒక్కటి ఉన్నా వెట్టే. తాళాలు, గొలుసులు అక్కర్లేదు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకోవడం నిర్బంధ శ్రమేనని సుప్రీంకోర్టు 1982లో ఆసియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ పనుల) కూలీల కేసులోనే చెప్పింది. ఇక సెక్షన్ 15 ప్రకారం, అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది యజమాని. దీన్ని తిరగేసి కూలీలనే కాగితాలు అడుగుతుంటారు, ఒప్పుకోకండి.

ఇటుకల_లెక్క:
అసలు చిక్కు విచారణ రోజున వస్తుంది. యజమాని పక్కన నిలబడితే ఏ కూలీ నోరు విప్పడు. పైగా అనువాదానికి సర్దార్‌నే పిలుస్తారు! ఒడియా వచ్చిన బయటి మనిషిని ముందే చూసుకోండి, వాంగ్మూలాలు విడివిడిగా రాయించండి. సర్దార్ లెక్కల పుస్తకం, ఫోన్‌లో డబ్బు పంపిన మెసేజ్‌లు ఆ రోజే ఫొటో తీయండి. మర్నాటికి పుస్తకం ఉండదు.

సర్టిఫికెట్ మనిషికొకటి. అడ్వాన్స్ భర్త పేరున ఉందని ఆయనకొక్కడికే ఇచ్చేస్తారు. మట్టి తొక్కిన భార్య, ఇటుకలు తిప్పిన పిల్లలు లెక్కలోకి రారు. పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి, అక్షరం తేడా వస్తే బ్యాంకులో ఆగిపోతుంది. సెక్షన్ 6 కింద అప్పు రద్దయిందన్న వాక్యం కూడా అడగండి. లేకపోతే సర్దార్ వాళ్ల ఊరెళ్లి ఇంటి మీద పడతాడు. "కూలి తగాదా పరిష్కరించాం" అని రాసిచ్చిన కాగితం రిలీజ్ సర్టిఫికెట్ కాదు, దానికి పునరావాసం డబ్బు రాదు.

పెద్దపల్లి_వాలంటీర్:
డబ్బు ఎంత? కేసులో శిక్ష పడేదాకా ఆగాలా?

లేబర్_వకీలు:
కేంద్ర పథకంలో తక్షణ సాయం 30,000 రూపాయల దాకా ఉంది, దానికి శిక్షతో పని లేదు. తర్వాతి సాయం మగవాళ్లకు 1 లక్ష, మహిళలకు, పిల్లలకు 2 లక్షలు, లైంగిక దోపిడీ, అక్రమ రవాణా లాంటి తీవ్రమైన కేసుల్లో 3 లక్షలు. ఈ పెద్ద మొత్తం కోర్టు తీర్పుతో ముడిపడింది, అందుకే ఏళ్లు పడుతుంది. "నిధులు రాలేదు" అంటే, జిల్లాలో కనీసం 10 లక్షల శాశ్వత నిధి ఉండాలని ఆ పథకమే చెబుతోందని గుర్తుచేయండి.

ఎఫ్ఐఆర్‌లో వెట్టి చట్టం ఒక్కటే పెడితే గరిష్ఠంగా 3 ఏళ్లు, రాజీ ఒత్తిడి మొదలవుతుంది. మోసపు మాటలతో తీసుకొచ్చినట్టు వాంగ్మూలాల్లో ఉంటే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 143, అంటే మనుషుల అక్రమ రవాణా సెక్షన్ అడగండి. అందులో "ఇష్టపడే వచ్చారు కదా" అన్న వాదన చెల్లదు. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే అత్యాచార నిరోధక చట్టం 3(1)(హెచ్) కూడా వర్తిస్తుంది.

ఇటుకల_లెక్క:
ఒక్క మాట. పోలీస్ స్టేషన్‌కు ముందే చెబితే కబురు బట్టీకి చేరి, రాత్రికి రాత్రే కూలీలను మార్చేసే ప్రమాదం ఉంది. ఆర్డీవో బయల్దేరాక పోలీసులు వెంట వస్తే చాలు. ప్రాణభయం ఉంటే మాత్రం ఆలోచించకుండా 112కి చేయండి.

లేబర్_వకీలు:
అవును. రైలెక్కకముందే మేజిస్ట్రేట్ దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 183 వాంగ్మూలం ఇప్పించండి, ఊరెళ్లాక సాక్షిని రప్పించడం చాలా కష్టం. అక్రమ రవాణా, వెట్టి బాధితులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు దొరుకుతారు, 15100కి చేసి జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. సర్టిఫికెట్ ఒరిజినల్ కూలీ చేతిలోనే ఉండాలి, నకలు ఒకటి బలంగీర్ కలెక్టర్‌కు ఇక్కడి నుంచే పంపించండి.