శనివారం చర్చి హాల్లో బీపీ క్యాంప్: ఎవరెవరు ఏం చేస్తారు?

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. మిసిసిప్పీ రాష్ట్రం జాక్సన్‌లో మన తెలుగు సంఘం ఎన్ని క్యాంపులు పెట్టినా వచ్చేది మనవాళ్ళే. ఈసారి ఇక్కడి ఆఫ్రికన్-అమెరికన్ చర్చివాళ్ళు తమ హాల్ ఇచ్చి, కలిసి చేద్దామన్నారు. శనివారం 9 నుంచి 1 దాకా. ఓ 80 మంది రావచ్చు, ఎక్కువగా 40 నుంచి 60 ఏళ్ళవాళ్ళు. అన్నట్టు, ఈసీజీ మెషిన్ అద్దెకి దొరుకుతోంది. తెప్పించనా? బీపీతో పాటు గుండె పెరిగిందేమో కూడా చూసేయొచ్చు.

డాక్టర్ అక్క:
వద్దు తమ్ముడూ. బీపీ వల్ల మొదట జరిగేది గుండె సైజు ఉబ్బడం కాదు. ఏళ్ళ తరబడి ఎక్కువ ఒత్తిడికి ఎదురు రక్తాన్ని తోసీ తోసీ ఎడమ జఠరిక (ఒంటికి రక్తాన్ని పంపే గుండె గది) గోడ దళసరి అవుతుంది. బిగుసుకుపోయి సరిగ్గా సడలదు. చాలాకాలం మనిషికి ఏమీ తెలియదు. అది ఎకో (గుండెకి చేసే స్కానింగ్) తీసి చెప్పాల్సిన సంగతి. ఈసీజీ గీతల ఎత్తుని బట్టి వేసే లెక్క ఆఫ్రికన్-అమెరికన్లలో లేని మందాన్ని ఉన్నట్టు చూపించడం ఎక్కువ. ఊరికే టెన్షన్ పెట్టి పంపినవాళ్ళమవుతాం.

అలాగని సమస్య చిన్నదేం కాదు. డాలస్ హార్ట్ స్టడీలో 30 నుంచి 67 ఏళ్ళవాళ్ళకి ఎమ్మారై తీస్తే, ఈ మందం తెల్లవాళ్ళకన్నా నల్లజాతివాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. బీపీ తేడాని లెక్కలోకి తీసుకున్నా ఆ అంతరం పూర్తిగా పోలేదు. మందులతో బీపీ దింపితే గోడ మందం కొంత తగ్గుతుంది. అందుకే బీపీ ఒక్కటే చూద్దాం, అదీ సరిగ్గా.

స్లైడ్లు కూడా వద్దు. నల్లజాతివాళ్ళ గుండె జబ్బుల మీద 2000లో మొదలైన జాక్సన్ హార్ట్ స్టడీ అనే పరిశోధనలో 5,300 మంది చేరింది ఈ చుట్టుపక్కల మూడు కౌంటీల నుంచే. వాళ్ళలో కొందరు ఆ హాల్లోనే కూర్చోవచ్చు, వాళ్ళకి మనం బీపీ పాఠం చెప్పడమేంటి! ఫారంలో సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ గుర్తింపు) నంబరు గడి కూడా కొట్టేయండి. పక్క అలబామాలోని టస్కీగీలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్ళకి పరిశోధన పేరుతో వైద్యం అందనివ్వకుండా ప్రభుత్వమే చూస్తూ కూర్చుంది. ఆ అపనమ్మకంతో కాగితం చూసి ఎవరైనా వెనకాడితే బలవంతపెట్టకండి.

ఫార్మసీ వాలంటీర్:
మెషిన్లు నావి. కానీ చేతికి చుట్టే పెద్ద పట్టీలు (కఫ్‌లు) కనీసం నాలుగు కొనాలి. పోయిన సంక్రాంతి క్యాంపులో లావుపాటి అంకుల్ ఒకాయనకి మామూలు పట్టీనే లాగి బిగించాం, 158 వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది. పెద్ద పట్టీ తెచ్చి కడితే 136! ఈసారి ఆ పొరపాటు వద్దు. 5 నిమిషాలు కూర్చోబెట్టాలి, వీపు కుర్చీకి ఆనాలి, కాళ్ళు నేలకి తగలాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. కొలిచేటప్పుడు కబుర్లు బంద్, ముఖ్యంగా మన వాలంటీర్లవి.

అక్కా, కొలిచి కాగితం చేతిలో పెడితే సరిపోదు కదా? లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 52 క్షౌరశాలల్లో 319 మంది నల్లజాతి మగవాళ్ళతో చేసిన ట్రయల్ 2018లో వచ్చింది. ఫార్మసిస్టులు షాపుకే వెళ్ళి మందులు రాసినచోట ఆరు నెలల్లో పై బీపీ 27 పాయింట్లు దిగింది. మంగలి సలహా చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నచోట దిగింది 9 మాత్రమే.

డాక్టర్ అక్క:
అదే అసలు మాట. మిసిసిప్పీ మెడికెయిడ్‌ని (తక్కువ ఆదాయంవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) విస్తరించలేదు, ఇన్సూరెన్స్ లేనివాళ్ళు వస్తారు. తక్కువ ఫీజు క్లినిక్‌లో ముందే 15 అపాయింట్‌మెంట్లు పట్టుకోవాలి. 180/120 దాటితే కాసేపాగి మళ్ళీ చూడండి. దానికి తోడు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబాటు లాంటివి ఉంటే వెంటనే 911కి (అత్యవసర నంబరు) ఫోన్ చెయ్యండి. అవేమీ లేకపోతే నాకు చెప్పండి.

వంటల టీమ్:
పులిహోర, పెరుగన్నం అనుకున్నాం. ఆవకాయ?

కోఆర్డినేటర్:
ఆవకాయ వద్దు పిన్నీ, మనమే ఉప్పు మూటతో వెళ్తే ఏం బాగుంటుంది! చర్చి ఆంటీలు కాలర్డ్ గ్రీన్స్ (ఇక్కడి ఆకుకూర) వండుతున్నారు. అందులో ఉప్పెంత అని ఎవరూ అడగకండి, వాళ్ళకి తెలుసు. క్లినిక్‌తో మాట్లాడే పని నాది, రేపు సాయంత్రానికి చెప్తాను. ఈసీజీ క్యాన్సిల్, ఆ డబ్బుతో పట్టీలు కొనేద్దాం.

ఫిల్టర్ కాఫీ ఎవరు పెడుతున్నా సరే, టేబుల్ గుమ్మం దగ్గర వెయ్యకండి. బీపీ చూపించుకుని బయటికొచ్చే దారిలో వెయ్యండి.